శంఖం ఊదేశాం, వినకపోతే వారి ఖర్మ

మహమ్మారి వచ్చినప్పుడు ప్రభుత్వాలు ముందుగా మొదలుపెట్టేది ప్రచారం. అందుకు దారులు రెండే: చూపించడం, వినిపించడం. చూపు లేనివారికి చూపించి, వినికిడి లేనివారికి వినిపించి, ఆపైన “అందరికీ చెప్పేశాం” అని చేతులు దులుపుకోవడం 2020లో మన దేశంలో ఒక శాస్త్రంగా ఎదిగింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవారు సుమారు 50 లక్షలు, వినికిడి లోపం ఉన్నవారు మరో 50 లక్షలు. అంటే ఆ “అందరి”లో ఒక కోటి తక్కువ. పెద్ద లెక్కల్లో కోటి అటూ ఇటూ అవుతూనే ఉంటుంది.

కాగితం మీద లోపమేమీ లేదు. లాక్‌డౌన్ మొదలైన మర్నాడే, 2020 మార్చి 26న, కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం మార్గదర్శకాలు విడుదల చేసింది. కరోనా సమాచారం బ్రెయిల్‌లో, ఆడియోలో, సైగభాషలో అందాలని అందులో శుభ్రంగా రాసి ఉంది. ఆచరణ వేరే కార్యాలయం పని కాబోలు. మార్చి 22 సాయంత్రం 5 గంటలకు చప్పట్లు కొట్టమన్నారు, పళ్లేలు మోగించమన్నారు. ఆ పిలుపు వినలేనివారికి చేరలేదు. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దీపాలు వెలిగించమన్నారు. అది చూడలేనివారిని వదిలేసింది. ఇద్దరికీ చెరొక రోజు అన్యాయం జరిగింది కాబట్టి సమన్యాయమే జరిగినట్టు.

హైదరాబాద్ బేగంపేటలో ఈ శాస్త్రాన్ని దగ్గర నుంచి పరిశీలించవచ్చు. డాక్టర్ సాయిబాబా గౌడ్ స్థాపించిన దేవనార్ అంధుల పాఠశాల ఇక్కడే, మయూర్ మార్గ్‌లో ఉంది. చూపు లేని మనిషిని రోడ్డు దాటించడానికి ఒక పద్ధతుంది. చూపున్న మనిషి ఒక అడుగు ముందు నడుస్తాడు, రెండో మనిషి అతని మోచేతికి కాస్త పైన పట్టుకుంటాడు. లాగడం, నెట్టడం ఉండవు. మోచేయి కదిలే తీరునుబట్టే మెట్టు వచ్చిందో, మలుపు వచ్చిందో తెలిసిపోతుంది. మహమ్మారి కాలపు వైద్య సలహా: దగ్గొస్తే మోచేతి వంపులో దగ్గండి. రెండో సలహా: మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం. ఆరడుగుల మోచేయి ఇంతవరకు ఎవరికీ మొలవలేదు.

ఆ ఎడం తెలియడానికి కిరాణా కొట్ల ముందు సున్నంతో గుండ్రాలు గీశారు. తెల్లకర్రకు గుంట తెలుస్తుంది, గట్టు తెలుస్తుంది, సున్నపు గీత తెలియదు. గీత దాటినవాడి మీద వరుసలోని వారు కసిరితే ఆ కసురు మాత్రం స్పష్టంగా వినబడుతుంది. మెట్రో లిఫ్టు మీటల మీద బ్రెయిల్ చుక్కలుంటాయి. వాటిని చదివేది వేలు. ఆ రోజుల్లో మొదటి నియమం దేన్నీ ముట్టుకోవద్దని. చూపున్నవారికి ఎవరూ కళ్లు మూసుకుని నడవమని చెప్పలేదు.

వినికిడి లేనివారికి మాస్కు వచ్చింది. మామూలు సర్జికల్ మాస్కు మాటలోని హెచ్చు పౌనఃపున్యాల శబ్దాన్ని మూడు నాలుగు డెసిబెళ్లు, ఎన్95 అయితే పన్నెండు దాకా తగ్గిస్తుందని 2020లోనే కొలిచారు. పెదాలు చూసి మాట పట్టుకునేవారికి డెసిబెళ్ల లెక్కతో పని లేదు, పెదాలే మాయం. మందుల షాపులో “పొద్దున ఒకటి, రాత్రి తిన్నాక ఒకటి” అన్న ముక్క గుడ్డ వెనకే ఉండిపోతుంది. అర్థం కాలేదని సైగ చేస్తే అదే ముక్కను ఇంకా గట్టిగా అరుస్తారు. చీటీ మీద రాసిస్తే సరిపోతుందని తట్టేసరికి వెనకున్నవారు విసుక్కుంటారు. ఇక వినికిడి యంత్రం, కళ్లజోడు, మాస్కు తాడు మూడూ ఒకే చెవి వెనక కాపురం చేయాలి. మాస్కు లాగితే వేల రూపాయల యంత్రం ఊడి కింద పడుతుంది. ఆ రోజుల్లో ఫోన్ చేస్తే చాలు, ముందు దగ్గు వినిపించి ఆపైన జాగ్రత్తలు చెప్పిన కాలర్ ట్యూన్ గురించి వీరికి ఇప్పటికీ తెలియకపోవచ్చు. ఆ ఒక్క విషయంలో అదృష్టవంతులు.

పొట్టకూటి సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. నగరంలోని ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు 2020 మార్చి నుంచి 2021 జూన్ దాకా ఆగిపోయాయి, వాటిలో పాడుకుని, చిల్లర సామాను అమ్ముకుని బతికే అంధుల రాబడీ ఆగింది. కేంద్రం ప్రకటించిన సాయం 1,000 రూపాయలు, అదీ రెండు వాయిదాల్లో, కేంద్ర పింఛను జాబితాలో ఉన్నవారికి. ఆ జాబితాకు ఎక్కాలంటే వైకల్యం 80 శాతం ఉండాలి. 79 శాతం ఉన్నవారికి ఆకలి వేయదని శాస్త్ర నిర్ణయం.

అసలు శిఖరం కొవిన్ పోర్టల్. 18 నుంచి 44 ఏళ్ల మధ్యవారు 2021 మే మొదట్లో టీకా కావాలంటే ముందు అందులో నమోదు కావాల్సి వచ్చింది. అక్కడ క్యాప్చా అనే బొమ్మ అక్షరాలు చదివి, తాము యంత్రం కాదు మనిషినని రుజువు చేసుకోవాలి. వినిపించే క్యాప్చా లేదు. 2015లో ప్రధాని వికలాంగులను దివ్యాంగులని పిలుద్దామన్నారు. ఆరేళ్లు తిరిగేసరికి పోర్టల్ వారు అసలు మనుషులే కారని తేల్చింది. 2021 మే 31న సుప్రీంకోర్టు ఈ లోపాలను ఒక్కొక్కటిగా ఎత్తి చూపింది: క్యాప్చాకు ఆడియో లేదు, కీబోర్డుతో తిరగడానికి వీల్లేదు, ఎన్ని ఖాళీలున్నాయో తెలుస్తుంది గానీ అవి ఏ స్లాటువో తెలియదు.

ఇదే బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలో దోమ పొట్ట గోడ మీద మలేరియా పరాన్నజీవిని చూశాడు. కంటికి ఆననిదాన్ని కనిపెట్టిన పేటకు నూట ఇరవై ఏళ్ల తరువాత కర్ర పట్టుకుని వరుసలో నిలబడ్డ మనిషి కనబడలేదు.

ఆపత్కాలంలో వికలాంగులకు ఇతరులతో సమానంగా రక్షణ ఇవ్వాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దేశంలో టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. టీకా కేంద్రానికి రాలేని వికలాంగులకు ఇంటికే వెళ్లి టీకా వేయవచ్చని ఆరోగ్య శాఖ ప్రకటించింది అదే ఏడాది సెప్టెంబరులో.