రెజ్యూమె మీమాంస (అమీర్‌పేట శాఖ)

అథాతో రెజ్యూమె జిజ్ఞాసా. ఈ శాస్త్రానికి ఆద్యుడు లియొనార్డో డా విన్సీ అని ఒక వాదం ఉంది. 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు కొలువు కోరుతూ రాసిన లేఖలో వంతెనలు కడతాను, ఫిరంగులు చేస్తాను, కోటలు కూలుస్తాను అని ఏకరువు పెట్టి, చిట్టచివర బొమ్మలు కూడా వేస్తానన్నాడు. దొరగారి మనసు యుద్ధం మీద ఉందని ఎరిగినవాడు. ఎదుటివాడికి కావలసింది ముందు, మనకు గొప్పది తర్వాత: శాస్త్రమంతా ఇంతే. మిగిలింది భాష్యం.

మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లకూ జిరాక్సు షాపులకూ నడుమ వర్ధిల్లిన శాఖలో ప్రథమ సూత్రం ‘కెరీర్ ఆబ్జెక్టివ్’. సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను వినియోగించి, సంస్థతోపాటు నేనూ ఎదగడం... ఇది అపౌరుషేయం. రాసినవాడెవడో తెలియదు, సీనియర్ నుంచి జూనియర్‌కు పెన్‌డ్రైవ్‌లో సంక్రమిస్తుంది. దీన్ని తీసేస్తే దోషమా అని పూర్వపక్షం. కాదు, మూడు లైన్లు లాభం అని సిద్ధాంతం.

ఆ మూడు లైన్లలో ఏం రాయాలన్నదే అసలు చిక్కు. ప్రాజెక్టు: లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఇంటర్వ్యూలో సంవాదం ఇలా నడుస్తుంది:

“ఇందులో నువ్వేం చేశావమ్మా?”

“టీమ్ వర్క్ సార్.”

“ఆ టీమ్‌లో నువ్వు?”

“డాక్యుమెంటేషన్ సార్.”

అదే, ‘గడువు దాటిన పుస్తకాలకు విద్యార్థికి మెయిల్ పంపే భాగం జావాలో రాశాను’ అని ఉంటే పది నిమిషాలు మాట్లాడుకోవచ్చు. అడిగితే తడబడకుండా చెప్పగలిగిన వాక్యమే ప్రమాణమని నా మతం. తక్కినదంతా అర్థవాదం.

నైపుణ్యాలకు చుక్కలు వేసుకోవడం నవ్యన్యాయం. జావాను సృష్టించిన జేమ్స్ గోస్లింగ్ తనకెన్ని వేసుకుంటాడో గానీ, మనవాడికి ఐదుకు నాలుగు.

ఇప్పుడు తొలి పాఠకుడు చాలాచోట్ల మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. దానికి రసదృష్టి లేదు. రెండు కాలమ్‌ల అందాన్ని ఒక్కోసారి అడ్డంగా చదివి, చదువును ఫోన్ నంబరుతో కలిపేస్తుంది. ప్రకటనలోని మాటలను తెల్ల కాగితంపై తెల్ల అక్షరాల్లో దాచే తాంత్రికులున్నారు. యంత్రం వాటిని నల్లగానే చదివి హెచ్‌ఆర్ ముందు పెడితే అప్పుడుంటుంది తమాషా. ఆ మాటలు నిజంగా మనకు వర్తిస్తే బాహాటంగా రాసుకోవడానికి ఏం రోగం?

అధ్యాస గురించి ఒక మాట. లేని మూడేళ్ల అనుభవాన్ని ఉన్నట్టు ఆరోపించే సంప్రదాయం ఒకప్పుడు దేదీప్యమానం. 2014లో పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు వచ్చాక మాయ పలచబడింది: ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశామో సర్వీస్ హిస్టరీ చెప్పేస్తోంది.

తండ్రి పేరు, పెళ్లి సంగతి, పాటలు వినడం, క్రికెట్: వీటిపై వ్యాఖ్య అనవసరం. ఉపసంహారమైన ‘డిక్లరేషన్’ మాత్రం పరిశీలించదగినది. పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని అభ్యర్థి ప్రమాణం చేస్తాడు. తన పేరు, తన పుట్టినరోజు, తన మార్కులు... అన్నీ తెలిసినంతవరకే. కింద స్థలం: హైదరాబాద్. తేదీ దగ్గర ఖాళీ. ఏనాటికి నిజమో చెప్పకపోవడంలో గ్రంథకర్త చూపిన జాగ్రత్త గమనార్హం.