పర్మిషన్లదేముంది, ముందు లాన్ వేయించండి

చేవెళ్ల దారిలోనో, శామీర్‌పేట అవతలో నాలుగెకరాల పట్టా ఉండి, అందులో పెళ్లిళ్లకూ దావత్‌లకూ అద్దెకిచ్చే వెన్యూ పెట్టాలనుకునేవాళ్ల కోసం ఈ సలహాలు. పాటించినవాళ్లు చాలామందే ఉన్నారు. కొందరు ఇప్పుడు లాయర్ల ఆఫీసుల్లో కనిపిస్తారు.

ముందు లాన్ వేయించండి. తర్వాత స్టేజీ, లైట్లు, పెళ్లికూతురి గదికి ఏసీ, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ. అడ్వాన్సులు చేతిలో పడ్డాక, తీరికుంటే, ఆ భూమి రికార్డుల్లో ఇంకా వ్యవసాయ భూమిగానే ఉందేమో చూసుకోండి. దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్పించుకునే నాలా కన్వర్షన్ ప్లాట్లు వేసేవాళ్ల తలనొప్పి. మీరు పెంచేది గడ్డి, గడ్డీ పంటే. మొయినాబాద్ వైపయితే జంట జలాశయాల చుట్టూ కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో అనీ, ఆ ఆంక్షలను సడలిస్తూ 2022లో వచ్చిన 69 జీవో అనీ ఎవరో ఒకరు గొణుగుతారు. పక్కవాడి ఫామ్‌హౌస్ చూపించి నోరు మూయించండి. పంచాయతీ లైసెన్సు, ఫైర్ ఎన్‌ఓసీ అంటే "సర్పంచ్ మావాడే" అనండి. మంటలకు కూడా ఆయన మావాడేనని తెలిస్తే బాగుండు.

ఇక మందు సంగతి. ఎక్సైజ్ శాఖ ఫలానా చోట, ఫలానా తేదీన జరిగే కార్యక్రమానికని ఈవెంట్ పర్మిట్ ఇస్తుంది. దరఖాస్తు పెట్టుకుని ఫీజు కడితే వచ్చేదే. అంత తేలిగ్గా వచ్చేదానికి విలువేముంటుంది? మొదటి పార్టీకి ఒకటి తీసుకోండి. దాన్ని కలర్ జిరాక్స్ తీసి, లామినేషన్ చేయించి, బార్ కౌంటర్ వెనక వినాయకుడి పటం పక్కన తగిలించండి. తేదీ ఉన్న మూల మీదికి నిమ్మకాయల దండ వేలాడేట్టు చూసుకోండి. సీజనంతా అదే పర్మిట్.

అసలు పర్మిట్ మీకెందుకనే వాదన కూడా ఒకటుంది. సీసాలు తెచ్చుకునేది పార్టీ ఇచ్చేవాడు, పోసేది కేటరింగ్ కుర్రాడు, మీరు స్థలం ఇచ్చారంతే. ఆ ముక్క అగ్రిమెంటులో రాయించుకుని నిద్రపోండి. ఫామ్‌హౌస్‌ల మీద దాడుల వార్తల్లో యజమాని పేరూ మేనేజరు పేరూ ఎందుకుంటాయని ఆలోచించి మనసు పాడుచేసుకోవద్దు. గోవా నుంచి చుట్టం కారు డిక్కీలో తెచ్చిన సరుకు చౌకగా దొరికితే కాదనకండి. మూత మీద మన రాష్ట్ర ఎక్సైజ్ లేబుల్ ఉందా అని చూడటం మర్యాద కాదు. తనిఖీకి వచ్చినవాళ్లకు ఆ మర్యాద తెలియదు, ముందు దాన్నే చూస్తారు. ఇక్కడ సుంకం కట్టని మందును వాళ్లు ఎన్‌డీపీఎల్ అంటారు. దానికి మీ పర్మిట్ అసలుదైనా అక్కరకు రాదు.

కల్లుకు మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదని గట్టిగా నమ్మండి. కుండల్లో ఈతకల్లు పెట్టి 'విలేజ్ కౌంటర్' అని బోర్డు కట్టండి. గీత సొసైటీలకు లైసెన్సులు ఇచ్చేది ఎక్సైజ్ శాఖేనని పాతకాలం వాళ్లెవరో అంటారు, నవ్వేయండి. ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లకు పోయకూడదన్న నిబంధన పెళ్లికొడుకు తమ్ముడికి వర్తించదు. ఇంజనీరింగ్ సెకండియర్ అయితేనేం, సొంతవాడు.

పాటల విషయానికి వస్తే, అందులో రెండు గొడవలున్నాయి. పాట ఎవరిది అనేది ఒకటి, మోత ఎంత అనేది ఇంకొకటి. రెంటినీ కలిపేయడంలోనే ఉంది కిటుకు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో పెళ్లి ఊరేగింపుకూ, పెళ్లికి సంబంధించిన వేడుకలకూ మినహాయింపు ఉంది. 2023 జులైలో కేంద్రం దీన్ని గుర్తుచేస్తూ ప్రకటన కూడా ఇచ్చింది. బరాత్‌లో, సంగీత్‌లో సినిమా పాట వేసుకుంటే పాటల హక్కుల సొమ్ము వసూలు చేసే పీపీఎల్‌కో ఐపీఆర్‌ఎస్‌కో డబ్బు కట్టనక్కర్లేదు. కంపెనీ పార్టీకీ, న్యూ ఇయర్ ఈవెంటుకూ ఆ వెసులుబాటు లేదు. కాబట్టి మీ బుకింగ్ రిజిస్టరులో అన్నీ పెళ్లిళ్లే రాయండి. డిసెంబర్ 31 రాత్రి టికెట్లమ్మి మూడొందల మందిని పోగేసినా 'వివాహ మహోత్సవం' అనే రాయండి. ధనుర్మాసంలో ముహూర్తం పెట్టిన పంతులుగారెవరని నిలదీస్తే, ఆయన ఊళ్లో లేరనండి. పెళ్లికూతురేదంటే హెచ్‌ఆర్ మేడమ్‌ను చూపించండి.

ఆ మినహాయింపునే రాత్రి పదకొండున్నరకు వచ్చిన కానిస్టేబుల్‌కూ వినిపించండి. ఆయన అడుగుతున్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల గురించి. లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మోగించకూడదు, బాంక్వెట్ హాలు లాంటి మూసిన చోట లోపలివాళ్లకు వినిపించేంత వరకే. అందుకని లాన్ చుట్టూ షామియానా గుడ్డ కట్టి, ఇదే హాలనండి. గాలికి గుడ్డ లేచినప్పుడు మాట మార్చండి. పండగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. ఆ పదిహేనూ మీకే రాసిచ్చారనుకుని, 'లేట్ నైట్ ఛార్జీ' వసూలు చేయండి.

తెల్లవారుజాము ముహూర్తాల దగ్గర మాత్రం నాకు నిజంగానే జాలేస్తుంది. రాత్రి 10 తర్వాత మోగించకూడదన్న నిబంధనలో వాద్యాలూ ఉన్నాయి. కానీ రెండు గంటలకు జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మోగే గట్టిమేళానికి ఫోను చేసే పొరుగువాడు అరుదు. అతను 100కు ఫోను చేసేది దానికి ముందు నాలుగు గంటలు కిటికీ అద్దాలు అదరగొట్టిన డీజేకు.

నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. మీ ప్రహరీ దగ్గర మోత దానికంటే 5 డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు. మీరు ప్రహరీ దాకా నడవకండి. వంటశాల వెనక నిలబడి ఫోన్‌లో కొలుచుకోండి. పక్క సర్వేనంబరులో ఇళ్లు లేకుండా బ్రాయిలర్ షెడ్డు ఉంటే మరీ మంచిది, అడిగేవాళ్లుండరు. ఒక్కసారిగా బేస్ దద్దరిల్లితే కోళ్లు బెదిరి ఒక మూలకు ఎగబడతాయి. ఒకదాని మీద ఒకటి పడి, అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చిపోతాయి. తెల్లారి ఆ రైతు వాటిని గంపలో తెచ్చి, మీ గేటు ముందు పూలతో 'స్వాగతం' అని రాసిన చోట కుమ్మరిస్తే, "కోళ్లకు చెవులుంటాయా?" అని అడగండి. ఉంటాయి.

ఈ సలహాలేవీ పాటించని వెన్యూలు కూడా ఉన్నాయి. అక్కడ అడ్వాన్సు రసీదు మీదే 'రాత్రి 10కి లాన్‌లో డీజే బంద్' అని అచ్చు వేసి ఉంటుంది. ఈవెంట్ పర్మిట్ చూపిస్తేనే బార్ కౌంటర్ తెరుస్తారు, ఆ పైన సీసా మూతలు కూడా చూస్తారు. మీ ఇంట్లో పెళ్లికి అలాంటిచోటు ఎవరైనా చెబితే వద్దనండి. పార్టీ మధ్యలో పోలీసులొచ్చే సరదా అక్కడ ఉండదు.