నల్లతెర చతుష్పది: టీకా తాత్పర్య సహితం

మూలం

సీడీ ల్యాబ్1
జీసీసీ హలో.సీ
./ఎ.అవుట్
ఆర్‌ఎమ్ ఎ.అవుట్

అవతారిక

కంప్యూటర్ సైన్సు మొదటి సంవత్సరంలో చేరి, బొమ్మల మీద మౌసు నొక్కి పనులు జరిపించుకోవడానికి అలవాటుపడిన విద్యార్థిని, ఏ బొమ్మా లేని టెర్మినల్ అనే నల్లతెర ముందు కూర్చోబెట్టినప్పుడు ఉపదేశించదగినది ఈ చతుష్పది. దీనిలో గణాలు కుదరవు, యతిప్రాసలు వెదికినా దొరకవు. అయినప్పటికీ పాదానికొక ఆజ్ఞ చొప్పున ప్రవేశం, సృష్టి, స్థితి, లయ అనే నాలుగు దశలూ క్రమం తప్పకుండా చెప్పబడినందున దీనికి పద్యమర్యాద ఇచ్చి వ్యాఖ్యానించడం ఉచితమే. ఈ ఆజ్ఞలను చదివి జరిపించే ప్రోగ్రాముకు షెల్ అని పేరు. షెల్ అనగా పెంకు; యంత్రాన్ని నిజంగా ఏలే లోపలి భాగం కెర్నల్, అనగా గింజ; గింజతో పని ఉన్నవారు ముందుగా పెంకును తట్టవలసి ఉంటుందని భావం. 1960లలో మల్టిక్స్ అనే వ్యవస్థ రూపొందుతున్న కాలంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పూజాన్ ఈ పేరు పెట్టాడు.

ప్రక్షిప్త విచారం

కొన్ని పాఠ్యపుస్తకాలలో ప్రతి పాదానికి ముందు ఒక డాలర్ గుర్తు కనబడుతుంది. అది మూలంలోనిది కాదు. ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్నానని తెలుపుతూ షెల్ తానే తెరమీద వేసే ఈ గుర్తును ప్రాంప్ట్ అంటారు. దానిని కూడా మూలంగా భావించి భక్తితో టైపు చేసే విద్యార్థికి, డాలర్ అనే ఆజ్ఞ దొరకలేదన్న సమాధానమే వస్తుంది.

ప్రతిపదార్థం

సీడీ = 'చేంజ్ డైరెక్టరీ'కి సంక్షేపం, చోటు మారుము; ల్యాబ్1 = ఆ పేరుగల డైరెక్టరీలోనికి, అనగా ఫైళ్లు ఉంచుకొనే అరలోనికి; జీసీసీ = సీ భాషలోని ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరు చేత; హలో.సీ = ఆ పేరుగల మూలగ్రంథాన్ని (మార్పించుము); . = ప్రస్తుతం ఉన్న డైరెక్టరీ; / = అరకూ అందులోని వస్తువుకూ నడుమ గీసే గీత; ఎ.అవుట్ = కంపైలరు కన్న ఫలాన్ని (నడిపించుము); ఆర్‌ఎమ్ = 'రిమూవ్'కు సంక్షేపం, తొలగించుము; ఎ.అవుట్ = ఆ ఫలాన్నే.

తాత్పర్యం

ఓ విద్యార్థీ, ల్యాబ్1 అనే అరలోనికి ప్రవేశించి, అందులోని హలో.సీ అనే గ్రంథాన్ని కంపైలరు చేత యంత్రభాషలోకి మార్పించి, అందువల్ల పుట్టిన ఎ.అవుట్ అనే ప్రోగ్రామును అక్కడికక్కడే నడిపించి, పని ముగిసిన పిమ్మట దానిని తొలగింపుము.

విశేషాంశాలు

మొదటిది సంక్షేపం. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్ అనే వ్యవస్థను మొదలుపెట్టిన తరువాతి సంవత్సరాలలో ఆజ్ఞలు టైపు చేయబడినది టెలిటైపు అనే యంత్రం మీద. దాని మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు మాత్రమే కాగితం మీద కొట్టగలిగేది. అర్ధమాత్ర మిగిలితే సంబరపడే వైయాకరణులకు లాఘవం శాస్త్రగౌరవం కాగా, ఆ టెలిటైపుల ముందు కూర్చున్నవారికి అది వేళ్లకు విశ్రాంతి.

రెండవది నామనిర్వచనం. ఎ.అవుట్ అనగా అసెంబ్లర్ అవుట్‌పుట్. యూనిక్స్ బాటలోనే నడిచే నేటి లినక్స్ యంత్రాలలో ఆ ఫలం ఈఎల్‌ఎఫ్ అనే వేరొక రూపంలో ఉంటున్నా, పేరు చెప్పకుండా కంపైలరును పిలిచినప్పుడు పుట్టే బిడ్డకు నేటికీ తాతగారి పేరే పెడుతున్నారు. జీసీసీ అనే సమాసానికి కాలాన్ని బట్టి రెండు విగ్రహవాక్యాలు ఉన్నాయి: 1987లో తొలిసారి వెలువడినప్పుడు గ్నూ సీ కంపైలర్, ఇతర భాషలనూ చేర్చుకున్న పిమ్మట గ్నూ కంపైలర్ కలెక్షన్.

మూడవది బంధుత్వం. జీసీసీ, ఆర్‌ఎమ్ వేరువేరు ప్రోగ్రాములు కాగా, సీడీ షెల్‌కు సొంత అంగం. షెల్ ఒక ప్రోగ్రామును పిలిచినప్పుడు అది షెల్‌కు బిడ్డగా పుట్టి పని ముగించుకొని పోతుంది. బిడ్డ పక్క గదిలోకి వెళ్లినంత మాత్రాన తల్లి కూర్చున్నచోటు మారదు కనుక, చోటు మారవలసినప్పుడు తల్లి తానే లేవాలి.

నాలుగవది అన్వయం. తెలుగు వాక్యంలో క్రియ చివర నిలిచి అంతవరకూ వినేవానిని ఆపి ఉంచుతుండగా, ఇక్కడ క్రియ ముందుంటుంది, కర్మ వెనుక వస్తుంది. విభక్తి ప్రత్యయాలు లేనందున స్థానమే విభక్తి. నకలు తీసే సీపీ అనే ఆజ్ఞ తరువాత రెండు ఫైళ్ల పేర్లు ఉంటే, మొదటిదానికి 'నుండి' అనీ రెండవదానికి 'కు' అనీ అర్థం. తెలుగులో పదాలు తారుమారైనా ప్రత్యయాలు అర్థాన్ని కాపాడతాయి. ఇక్కడ పేర్లు తారుమారైతే కొత్తగా రాసిన ప్రోగ్రాము మీద పాతది పడి, రాత్రంతా చేసిన పని ఒక్క క్షణంలో చెరిగిపోతుంది.

అయిదవది వర్ణభేదం. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న భేదం లేదు. ఇంగ్లీషు లిపిలో ఉంది, లినక్స్ దానిని కఠినంగా పాటిస్తుంది. హలో.సీ లోని చివరి అక్షరాన్ని పెద్దదిగా రాస్తే అది వేరొక ఫైలు అవుతుంది. అంతటితో ఆగక జీసీసీ దానిని సీ ప్లస్ ప్లస్ అనే వేరొక భాషా గ్రంథంగా చదవబూనుతుంది.

ఆక్షేపం, సమాధానం

మూడవ పాదంలో ఎ.అవుట్ అని మాత్రమే చెప్పక ./ అనడం పునరుక్తి కదా, విద్యార్థి మొదటి పాదంలోనే ఆ అరలోనికి ప్రవేశించి ఉన్నాడు కదా అని పూర్వపక్షం. పునరుక్తి కాదు. ఒట్టి పేరు చెప్పినప్పుడు షెల్ తన దగ్గరున్న పాథ్ అనే జాబితాలోని డైరెక్టరీలలోనే ఆ పేరుగల ప్రోగ్రామును వెదుకుతుంది. ఆ జాబితాలో ప్రస్తుత డైరెక్టరీని సాధారణంగా చేర్చరు. చేర్చినట్లయితే, ఫైళ్ల పట్టిక చూపే ఎల్‌ఎస్ వంటి నిత్యవ్యవహార నామం పెట్టుకొన్న దొంగ ప్రోగ్రామును ఎవరైనా ఆ అరలో వదిలిపెట్టి, అసలుదానికి బదులు దానిని నడిపించే ప్రమాదం ఉంది. కనుక ఆ చుక్క, గీత 'ఎక్కడో ఉన్నది కాదు, ఇక్కడ ఉన్నదే' అని నిర్ధారణ చేస్తున్నాయి.

పాఠాంతరం

నాలుగవ పాదానికి 'ఆర్‌ఎమ్ *.అవుట్' అనే పాఠం కూడా వ్యవహారంలో ఉంది. నక్షత్రం 'ఏ పేరైనా' అనే అర్థమిస్తుంది కనుక, అవుట్ అనే తోకగల ఫైళ్లన్నిటినీ తొలగించమని భావం. లేఖకుని చేయి జారి నక్షత్రానికీ చుక్కకూ నడుమ ఖాళీ పడితే 'ఆర్‌ఎమ్ * .అవుట్' అవుతుంది. సంధి కలిపి రాసినా విడదీసి రాసినా అర్థం చెడని భాషలో పెరిగినవారు ఈ పదచ్ఛేదాన్ని తేలికగా తీసుకోరాదు. ఒంటరిగా నిలిచిన నక్షత్రాన్ని షెల్ ఆ అరలో చుక్కతో మొదలవని ఫైళ్లన్నిటి పేర్లుగా విప్పి ఆర్‌ఎమ్ చేతికి ఇస్తుంది, హలో.సీ తో సహా అన్నీ పోయిన తరువాత, .అవుట్ అనే ఫైలు మాత్రం కనబడలేదని ఆర్‌ఎమ్ ఫిర్యాదు చేస్తుంది. పోయినవాటిని వెదకడానికి ఇక్కడ చెత్తబుట్ట కూడా లేదు.

సిద్ధాంతం

మూలంలో లేని పదాన్ని అర్థం కుదరడం కోసం వ్యాఖ్యాత తెచ్చి చేర్చడాన్ని అధ్యాహారం అంటారు. పై ప్రతిపదార్థంలో 'మార్పించుము', 'నడిపించుము' అన్నవి అట్టివే. కవి అనదలచినది ఊహించడమే వ్యాఖ్యాత వృత్తి. షెల్ ఆ వృత్తి చేయదు. సంప్రదాయం ముందే శాసించిన చోట మాత్రం, సీడీ అని ఒంటరిగా అన్నప్పుడు 'ఇంటికి' అని చేర్చుకొన్నట్లుగా, లోటు పూరిస్తుంది. కనుక అనదలచినదానికీ అన్నదానికీ నడుమ ఉన్న దూరాన్ని కొలవడమే ఈ తొలి పాఠంలో విద్యార్థి నేర్చుకోవలసిన విద్య.

ఫలశ్రుతి

ఈ చతుష్పదిని తప్పు లేకుండా టైపు చేసినవారికి ఫలం సిద్ధిస్తుంది గాని శ్రుతి ఉండదు. మూడవ పాదంలో నడిచే ప్రోగ్రాము తాను చెప్పదలచినది చెబుతుంది. మిగిలిన మూడు పాదాలకూ, పని జరిగితే మౌనం, జరగకుంటే మాట అన్న యూనిక్స్ మర్యాదను అనుసరించి, కొత్త ప్రాంప్ట్ తప్ప మరేమీ కనబడదు. మౌనాన్ని నిరాకరణగా భావించి విద్యార్థి నాలుగవ పాదాన్ని మరల టైపు చేస్తాడు. అటువంటి ఫైలు లేదని అప్పుడు వచ్చే ఆక్షేపణే, మొదటిసారి చెప్పినది అక్షరాలా నెరవేరిందనడానికి తెరమీద దొరికే తొలి సాక్ష్యం.