సక్లం ముక్లం కూర్చోనివ్వండి సారూ!

బడి బెంచీల కొలతలు ఖరారు చేసే పెద్దలకు, శామీర్‌పేట నుంచి ఒక తాత దండం పెట్టి రాసుకున్న అర్జీ.

అయ్యా,

మా నాలుగేళ్ల మనవరాలు నేరం చేసింది. నేల మీద మోకాళ్లు మడిచి, పాదాలు అటొకటి ఇటొకటి వెనక్కి పరిచి, మధ్యలో చతికిలబడుతుంది. ఇంగ్లిషు డబ్ల్యూ అక్షరం లెక్క. ‘సరిగ్గా కూర్చోబెట్టండి’ అని బడివాళ్లు డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపారు. శిక్ష వేసేముందు ముద్దాయి తరఫు వాదన కూడా చిత్తగించండి.

పుట్టినప్పుడు పిల్లల తొడ ఎముక పైకొస సుమారు 40 డిగ్రీలు ముందుకు తిరిగి ఉంటుంది. పెద్దయ్యేసరికి 15 డిగ్రీలకు దిగుతుంది. ఆ తిప్పు ఎక్కువున్న వయసులో అలా కూర్చోవడమే హాయి. చాలామందికి పదేళ్లు వచ్చేసరికి ఆ అలవాటు దానంతటదే పోతుంది. తుంటి కీలు చెడుతుందన్న భయానికి గట్టి ఆధారం లేదు. నొప్పి ఉన్నా, నడక తేడాగా ఉన్నా డాక్టరుకు చూపిస్తాం. లేదంటే ‘సక్లం ముక్లం కూసో బిడ్డా’ అని బాసింపట్టులోకి మెల్లగా మార్పిస్తాం.

కూర్చునే తీరు ఎముకకు తెలియదని నేననను. గొంతుక్కూర్చునే పంజాబీల చీలమండ ఎముకల మీద నున్నటి ఒత్తుగుర్తుల్ని లాహోర్‌లో హావెలాక్ చార్లెస్ అనే డాక్టరు 1890ల్లోనే వివరించాడు. అందుకే అడుగుతున్నా: పిల్ల ఎక్కువసేపు కూర్చునేది మా చాప మీదనా, మీ బెంచీ మీదనా?

ఒకటో తరగతికీ ఐదో తరగతికీ ఒకటే బెంచీ. చిన్నదాని పాదాలు నేలకు అందవు, బల్ల ఛాతీ దాకా వస్తుంది, రాయాలంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి. అంతకుముందు రాజీవ్ రహదారి ట్రాఫిక్‌లో బడి బస్సు సీటు. ఐదేళ్లలోపు పిల్లల్ని ఒకేచోట కదలనీయకుండా గంటకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఆఫీసరు కుర్చీకి ఎత్తు పెంచే మీట ఉంటుంది. ఎదిగే పిల్లకు మాత్రం ఉండదు.

మా మనవులు మూడే. తరగతికో ఎత్తు బెంచీ వేయించండి. పీరియడ్‌కోసారి పిల్లల్ని లేపి నడిపించండి. రోజూ కాసేపు నేల మీద వాళ్లకు నచ్చినట్టు కూర్చోనివ్వండి.

జూన్‌లో బడులు తెరిచేలోగా ఒక్కసారి టేపు పట్టుకుని మేడ్చల్, శామీర్‌పేట బడులకు రండి. పిల్లల మోకాలి ఎత్తు, బెంచీ ఎత్తు పక్కపక్కన కొలవండి. ఎర్ర సిరాతో ఎవరి డైరీలో రాయాలో అప్పుడు మీరే తేల్చండి.

ఇట్లు,
ఒక మనవరాలి తాత