చుక్కచుక్కకీ లెక్కుండేది

ఈ కాలపు పిల్లలు బొమ్మ మొదలుపెట్టే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గేమ్‌లో నడిచే ఒక చిన్న సైనికుడు కావాలి, అంతే. దానికి రెండు వేల పిక్సెళ్ళ వెడల్పు కాన్వాస్ తెరుస్తారు. కోటీ అరవై ఏడు లక్షల రంగులు ముందు పరుచుకుని కూర్చుంటారు. మెత్తటి బ్రష్షుతో నున్నగా బొమ్మ వేసి, చివర్లో ఒక ఫిల్టర్ నొక్కి గళ్ళుగళ్ళుగా మార్చేసి, "పిక్సెల్ ఆర్ట్ అయిపోయింది సార్" అంటారు. అందులో వాళ్ళు చేత్తో పెట్టిన చుక్క ఒక్కటీ ఉండదు. అన్నీ ఫిల్టర్ తేల్చినవే. "ఈ చుక్క ఇక్కడెందుకుంది బాబూ?" అని అడిగితే బిక్కమొహం వేస్తారు. మా రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడి బొమ్మ గేమ్‌లోకి ఎక్కేది కాదు.

మా రోజులంటే 2000 దాటిన కొత్తలో, హైదరాబాద్‌లో జావా ఫోన్లకు గేములు చేసిన రోజులు. నోకియా సిరీస్ 40 మొదటి తరం ఫోన్ల తెర 128 పిక్సెళ్ళ వెడల్పు, 128 ఎత్తు. గేమ్ మొత్తం, అంటే కోడు, బొమ్మలు, చప్పుళ్ళు అన్నీ కలిపి 64 కేబీ దాటకూడదు. దాటితే ఫోన్ ఎక్కించుకోదు. సాయంత్రమయ్యేసరికి ప్రోగ్రామర్ వచ్చి, "అన్నా, ఇంకో రెండు కేబీ తగ్గించాలే" అని నెత్తి మీద నిలబడేవాడు. తగ్గించి తీరాల్సిందే. ప్రతి పీఎన్‌జీ ఫైలూ బొమ్మతో పాటు తన హెడర్‌కీ, ప్యాలెట్‌కీ, అంటే రంగుల జాబితాకీ, కొంత చోటు తినేస్తుంది. అందుకని హీరో నడక, గెంతు, దెబ్బ తినడం, పడిపోవడం అన్నీ ఒకే పొడుగాటి పట్టీలో పక్కపక్కన సర్ది, అన్నింటికీ ఒకే ప్యాలెట్ వాడేవాళ్ళం. జావా ఫోన్ల తొలి ప్రమాణం ఎంఐడీపీ 1.0లో బొమ్మను కుడి నుంచి ఎడమకు తిప్పే సదుపాయం కూడా లేదు. కుడివైపు నడిచేవాడిని ఒకసారి, ఎడమవైపు నడిచేవాడిని ఇంకోసారి పెట్టాలి. అంటే ఫ్రేమ్ ఒకటి పెరిగితే చోటు రెండింతలు పోతుంది.

అంత ఇరుకులో పనిచేస్తే ఏ ఫ్రేమ్ నిజంగా కావాలో తెలిసొస్తుంది. ఆరు ఫ్రేముల నడకను నాలుగుకు దింపేవాళ్ళం, నాలుగింటిని మూడుకు దింపేవాళ్ళం. కుడికాలు ముందుకు చాచిన క్షణం, కాళ్ళు ఒకదాన్నొకటి దాటే క్షణం, ఎడమకాలు ముందుకొచ్చిన క్షణం. దాటే ఫ్రేమ్‌లో తలను ఒక్క పిక్సెల్ పైకి లేపితే ఒంటి బరువు తెలుస్తుంది. మిగతాది ఆడేవాడి కన్నే నింపుకుంటుంది. ఇవాళ పన్నెండు ఫ్రేములు గీసి కూడా బొమ్మను నడిపించలేక జారిస్తున్నారు. మంచు మీద జారినట్టు పోతాడు వాళ్ళ హీరో. ఎన్ని ఫ్రేములైనా పెట్టుకోవచ్చు కదా అనే ధీమాలో, ఏ ఫ్రేమ్ ఎందుకో ఎవరూ ఆలోచించడం లేదు.

మేం ఈ ఇరుకును కనిపెట్టలేదు, మాకు ముందువాళ్ళు ఇంతకంటే ఇరుకులో అద్భుతాలు చేశారు. 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్ సంగతి తీసుకోండి. మన ఊళ్ళలో టీవీకి తగిలించి, క్యాసెట్ గుచ్చి ఆడిన వీడియో గేములు చాలావరకు దాని నకళ్ళే. అందులో స్ప్రైట్, అంటే తెర మీద కదిలే బొమ్మ, ఒక్కో ముక్క ఎనిమిది పిక్సెళ్ళ వెడల్పు. దానికి మూడే రంగులు, నాలుగోది పారదర్శకం. తెర మీద మొత్తం 64 ముక్కలు, ఒకే అడ్డగీత మీద ఎనిమిది. తొమ్మిదోది వస్తే కనబడదు. ఎప్పుడూ ఒకటే మాయం కాకుండా వంతులవారీగా చూపించేవాళ్ళు కాబట్టే, శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు బొమ్మలు మిణుకుమనేవి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ గేమ్ మొత్తం 40 కేబీ. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లుంటుంది. ఆ గేమ్‌లో ఆకాశంలో మబ్బు, నేల మీద పొద ఒకే బొమ్మ. రంగు మార్చారంతే. పుట్టగొడుగులా ఉండే గూంబా అనే శత్రువు ఒకే ఒక్క బొమ్మతో నడుస్తుంది, అటూ ఇటూ తిప్పితే రెండు అడుగులు వేసినట్టుంటుంది. కోట్లమంది ఆడారు, ఒక్కరికీ లోటు కనిపించలేదు.

అసలు మారియో రూపమే ఆ ఇరుకులోంచి పుట్టింది. 1981 డాంకీ కాంగ్ గేమ్ కోసం డిజైనర్ షిగేరు మియామొటో ఆ మనిషిని గీస్తున్నప్పుడు, అన్ని తక్కువ చుక్కల్లో జుట్టు చూపించడం కష్టమని టోపీ పెట్టాడు. ముక్కు తెలియాలని దాని కింద మీసం పెట్టాడు. పరిగెత్తేటప్పుడు చేతుల కదలిక ఒంట్లో కలిసిపోకుండా భుజాల పట్టీల ప్యాంటు తొడిగాడు. ఆ రూపంలో ప్రతి వస్తువుకూ ఒక పని ఉంది. 1987లో మెగా మ్యాన్ గేమ్ హీరోకు మూడు రంగులు చాలకపోతే, మొహాన్ని విడిగా ఇంకో స్ప్రైట్ చేసి పైన అతికించారు. ఇప్పటి కుర్రాడు గీసిన యోధుడికి ఒంటినిండా బెల్టులు, బకిల్సు, ఈకలు, మెరుపులు. ఆటలో పెట్టి చూస్తే ఏది చెయ్యో ఏది కత్తో తెలియదు.

ఇంకో మాట చెప్పాలి, ఇది నన్ను మరీ బాధిస్తుంది. పాత గేములంటే పెద్దపెద్ద చదరాలేనని వీళ్ళ నమ్మకం. ఆ బొమ్మలు గీసింది గాజు డబ్బా టీవీల కోసం. ఆ తెర మీద ఒక చుక్క పక్క చుక్కలోకి కాస్త ఒలికేది, అంచులు మెత్తబడేవి. దాన్ని లెక్కేసుకునే గీశారు. 1991లో వచ్చిన సోనిక్ గేమ్‌లో జలపాతం దగ్గరగా చూస్తే నిలువు చారలే. మామూలు వీడియో వైరుతో టీవీకి కలిపితే ఆ చారలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి, అవతలి కొండ కనబడేలా నీళ్ళు పారేవి. రెండు రంగుల చుక్కల్ని ఒకటి విడిచి ఒకటి పేర్చి మూడో రంగు రప్పించడం మాకు దినదినం పని. చదరాలు కనపడకూడదని మేం కళ్ళు నొప్పెట్టేలా కష్టపడ్డాం. వీళ్ళు చదరాలు కనపడటమే కళ అనుకుంటున్నారు.

ఈ విద్య మాకెవరూ క్లాసులో చెప్పలేదు, గ్రాఫ్ పుస్తకమే మా బడి. 1984లో వచ్చిన మెకింటాష్ కంప్యూటర్‌కు ఐకాన్లు గీసిన సూజన్ కేర్ కూడా ముందు గళ్ళ కాగితం మీదే గళ్ళు నింపింది, ఒక్కో ఐకాన్ 32 గళ్ళ వెడల్పు, 32 ఎత్తు. మేం పదహారుకు పదహారు చట్రం గీసుకుని, ముందు ఒకే నలుపుతో ఆకారం నింపేవాళ్ళం. పెద్దాయన ఒకాయన ఉండేవారు మా గదిలో. కాగితాన్ని గోడకు ఆనించి, తాను ఆ చివరికి వెళ్ళి నిలబడి, "ఏందిరా అది, కుక్కా పిల్లా?" అని అడిగేవారు. నీడ చూసి పోల్చుకోలేకపోతే రంగు ముట్టనిచ్చేవారు కాదు. ఆకారం కుదిరాకే రంగు, అదీ మూడే: వెలుగు, నడిమి, నీడ. వెలుగు ఏ మూల నుంచి వస్తుందో ముందే చెప్పాలి. వంపులో మెట్లు మూడు, రెండు, ఒకటి అని క్రమంగా తగ్గాలి. మూడు, ఒకటి, రెండు అని పడితే ఆ వంపు కంట్లో గుచ్చుకుంటుంది. ఆ ఒక్క తప్పు చెరిపి దిద్దడానికి గంటలు కూర్చున్నవాళ్ళం. చీర అంచు డిజైన్‌ను గ్రాఫ్ మీద నింపే నేత మాస్టారికి గడి విలువ తెలిసినట్టు మాకూ తెలుసు. జకార్డ్ అట్టలో ఒక్క గడి తప్పితే ఆ తప్పు చీర పొడుగునా పడుతుంది. స్ప్రైట్‌లో ఒక్క చుక్క తప్పితే ఆటాడినంతసేపూ కనబడుతుంది.

ఇప్పుడు ఇవన్నీ అడిగేవాడు లేడు. చిన్న బొమ్మ గీసి ఒకటిన్నర రెట్లు సాగదీస్తారు. ఒక పిక్సెల్ ఒకటిన్నర పిక్సెల్ ఎలా అవుతుంది? కొన్ని లావుగా, కొన్ని సన్నగా, అంచులు మసకగా తయారవుతాయి. రెండింతలో మూడింతలో చేయాలనే మొదటి పాఠమే తెలియదు. కత్తిని ఇంజన్‌లో ఏటవాలుగా తిప్పేస్తారు, గళ్ళు వంకరపోయి పక్కనున్న గోడ గళ్ళతో కలవవు. హీరో ఒక సైజు చుక్కలతో, చెట్టు ఇంకో సైజు చుక్కలతో, అక్షరాలు మూడో సైజుతో ఉంటాయి. రంగులు ఎలా ఎంచుకున్నావంటే, "ప్యాలెట్ నెట్‌లో దొరికింది సార్, దింపుకున్నా" అంటాడు. దింపుకో నాయనా, తప్పులేదు. ఆ పదహారు రంగుల్లో ఏది దేనికి నీడో చెప్పగలిగితే చాలు. ఇక కృత్రిమ మేధతో పుట్టించిన స్ప్రైట్ల సంగతి సరేసరి. చూడగానే ముచ్చటగా ఉంటుంది. పెద్దది చేసి చూడండి: గళ్ళు వరుసలో ఉండవు, ఒకే ఎరుపు అనుకున్న చోట పదుల కొద్దీ ఎరుపులుంటాయి, రెండో ఫ్రేమ్‌లో బెల్టు మాయమవుతుంది. దాన్ని శుభ్రం చేసే ఓపిక, నేర్పు ఉన్నవాడు మొదటే చేత్తో గీసుకోగలడు. ఆ నేర్పు లేనివాడికి అది పనికిరాదు.

పనిముట్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఎసెప్రైట్ లాంటి సాఫ్ట్‌వేర్ మా వయసులో దొరికితే కళ్ళకద్దుకునేవాళ్ళం. ముందు ఫ్రేమ్ నీడలా కింద కనబడుతుంటే దాని మీద తర్వాతి ఫ్రేమ్ గీయడం ఎంత సుఖం! 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేమ్ కోసం జోర్డన్ మెక్నర్ తమ్ముడిని పరిగెత్తించి, గెంతించి, వీడియో తీసి, ఒక్కో భంగిమనూ పిక్సెళ్ళలోకి దించాడు. మన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో పిల్లలు ఆ రాకుమారుడి పరుగు చూసి నోళ్ళు వెళ్ళబెట్టారంటే ఆ శ్రమే కారణం. ఇవాళా అలా శ్రమపడేవాళ్ళున్నారు. ఎరిక్ బారోన్ ఒక్కడే ఏళ్ళ తరబడి కూర్చుని, గీసినవే మళ్ళీమళ్ళీ గీసి, 2016లో స్టార్‌డ్యూ వ్యాలీ గేమ్‌ను బయటికి తెచ్చాడు. 2014 నాటి షవెల్ నైట్ గేమ్ చేసినవాళ్ళు పాత ఫామికామ్ రంగులకే దాదాపుగా కట్టుబడి, చాలని చోట మాత్రమే నాలుగు రంగులు చేర్చుకున్నారు. వాళ్ళకు మిషన్ ఏ హద్దూ పెట్టలేదు, వాళ్ళంతట వాళ్ళే గీసుకున్నారు. మాకు హద్దు ఉచితంగా దొరికింది. ఇప్పటివాళ్ళు దాన్ని కోరి తెచ్చుకోవాలి, అదే ఇప్పటి కష్టం.

అందుకే గేమ్ కోర్సులు నడిపేవాళ్ళను గట్టిగా అడుగుతున్నాను. మొదటి నెలంతా పిల్లల చేతికి పదహారుకు పదహారు చట్రం, నాలుగు రంగులు, ఒక్క పిక్సెల్ పెన్సిల్ ఇవ్వండి. ఫిల్టర్లు, లేయర్లు, బ్రష్షులు దాచేయండి. ఒక కుండ, ఒక కోడి, నెత్తిన తట్ట పెట్టుకుని నడిచే ఒక మనిషి, ఈ మూడూ చేయించండి. గీసిన ప్రతివాడినీ నిలబెట్టి ఏదో ఒక చుక్క మీద వేలు పెట్టి, ఇదెందుకుందని అడగండి. తీసేస్తే ఏం పోతుందో చెప్పమనండి. చెప్పలేకపోతే తీసేయించండి. ఆ నెల గడిచాక వాళ్ళకు మీ ఖరీదైన సాఫ్ట్‌వేర్లన్నీ ఇవ్వండి, వాటితో ఏం చేయాలో అప్పుడు వాళ్ళకే తెలుస్తుంది.