కంచరపాలెం ఏ దేశంలో ఉంది?

విశాఖపట్నంలోని కంచరపాలెం అమెరికాలో ఉందని ఢిల్లీ చెబితేగానీ మనకు తెలియలేదు.

2018 సెప్టెంబరులో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' గుర్తుందిగా? వెంకటేశ్ మహా మొదటి సినిమా. స్టార్లు లేరు, సెట్లు లేవు. నటించినవాళ్లలో చాలామంది ఆ పేట జనమే. అటెండరు రాజుకి యాభై దగ్గరపడినా పెళ్లి కాలేదు. ఆ బెంగ ఆయనకంటే ఊరికే ఎక్కువ. ఇంతలో ఒడిశా నుంచి రాధ అనే ఆఫీసరు బదిలీ మీద వస్తుంది. రెండున్నర మార్కులు దాటాలంటే చెయ్యి వణికే మన సమీక్షకులు కూడా ఈసారి పిసినారితనం చూపలేదు.

ఇక జాతీయ అవార్డే తరువాయి అనుకున్నాం. పోటీకే అర్హత లేదన్నారు. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు, ఆ దేశ పౌరురాలు. రూలు రూలే!

ఫైలు ఎలా నడిచి ఉంటుందో ఢిల్లీలో కాపురమున్న ఎవరైనా ఊహించుకోవచ్చు. కింద డీలింగ్ అసిస్టెంటు రాస్తాడు: 'భాష తెలుగు, ఊరు విశాఖ, తగాదాలు స్థానికం. డబ్బు మాత్రం విదేశీయురాలిది. తగు ఆదేశాల నిమిత్తం.' పైన సెక్షన్ ఆఫీసరు కొర్రీ వేస్తాడు: 'కథలోని వినాయకుడి బొమ్మకు వాడిన మట్టి ఏ దేశానిది?'

1977లో మృణాల్ సేన్ కలకత్తా నుంచి వచ్చి, ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను 'ఒక ఊరి కథ'గా తీస్తే ఉత్తమ తెలుగు చిత్రమని ఢిల్లీయే అవార్డిచ్చింది. ఇవ్వాల్సిందే, అంత మంచి సినిమా. దర్శకుడు బెంగాలీ, కథ హిందీవాళ్లది, అయినా తెలుగు సినిమాయే. కంచరపాలెం వాళ్లు కంచరపాలెంలో తమ యాసలో మాట్లాడితే విదేశీ వ్యవహారం!

ప్రవీణ ఆ సినిమాలో సలీమాగా నటించింది కూడా. ముసుగులోంచి కళ్లు తప్ప ఏమీ కనిపించవు. మందు షాపులో పనిచేసే గడ్డం అనేవాడు ఆ కళ్లకే పడిపోతాడు, కులం అడగడు, మతం అడగడు. పాపం, పాస్‌పోర్టు అడగాలని అతనికి తట్టలేదు.

ఆ ఏడాది తెలుగు అవార్డు 'మహానటి'కి వచ్చింది. దానికి వంక పెట్టేవాడెవడూ లేడు. పేచీ అల్లా డాలరుతోనే. రోడ్లకీ ఫ్యాక్టరీలకీ అదే డాలరు వస్తానంటే ఎర్ర తివాచీ పరిచి ఎదురెళ్తాం. నోయిడా, గుర్‌గావ్ బిల్డర్లయితే ప్రవాసుల కోసం బ్రోషర్లు అచ్చేసి మరీ కూర్చుంటారు. డాలస్ కొడుకు పంపిన సొమ్ముతో నోయిడాలో ఫ్లాటు కొన్న మా రావుగారికి ఈ కథంతా చెప్పాను. ఆయన వెంటనే లేచి వెళ్లి, రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఊరి పేరు ఇంకోసారి చూసుకున్నారు.