స్టీరియో కాకకు ఆపరేషన్

ఉప్పుగూడలో గల్లీకొక స్టీరియో కాక ఉంటాడు. ఛత్రినాకలో, గౌలిపురాలో, లాల్‌దర్వాజాలో ఉండరని కాదు గానీ మావాళ్ల పట్టుదల వేరు. ఫలక్‌నుమా వైపు పోయే ఎంఎంటీఎస్ రైలు మీద, సందు మొదట్లోని వెల్డింగ్ షాపు మీద, వంటింట్లో మిక్సీ మీద గెలిచి పాట వినాల్సిన రాత వీళ్లది. కాకకు అరవై దాటి ఉంటాయి. సర్కారు నౌకరీ చేసి రిటైరై ఉంటాడు. వచ్చిన పైసల్లో బిడ్డ పెళ్లికి పోగా మిగిలినవి ఏమయ్యాయని అడిగితే నోరు విప్పడు, ముందుగదిలోకి చెయ్యి చూపిస్తాడు. అక్కడ నడుమెత్తు పెట్టెలు రెండు, మధ్యలో యాంప్లిఫయరు, దాని పక్కన రికార్డ్ ప్లేయరు. అన్నింటి మీదా చిన్నమ్మ అల్లిన లేసు గుడ్డలు.

కాకల్లో రెండు రకాలు. సోనోడైన్ అనో కాస్మిక్ అనో కంపెనీ పేరు చెప్పుకుని మురిసిపోయేవాళ్లు ఒక రకం. కోఠి గుజరాతీ గల్లీలో దుకాణం దుకాణం తిరిగి, ట్రాన్స్‌ఫార్మర్ ఒకచోట, 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు ఇంకోచోట బేరమాడి అసెంబుల్ చేయించుకున్నవాళ్లు రెండో రకం. మొదటి రకం కాక సెట్టు చూపిస్తాడు. రెండో రకం కాక మూత విప్పి చూపిస్తాడు. నేను చెప్పబోయేది ఈ రెండో రకం గురించే. వీళ్లింట్లో చాయ్ చల్లారకుండా తాగినవాళ్లను నేను చూడలేదు.

కాకకు ఘంటసాల అంటే ప్రాణం. ‘మల్లీశ్వరి’ వచ్చింది 1951లో, ‘మాయాబజార్’ 1957లో. ఆ పాటలు మోనో. ఎడమ పెట్టెలోంచి వచ్చేదీ కుడి పెట్టెలోంచి వచ్చేదీ ఒకటే శబ్దం. ఇంగ్లండులో ఈఎంఐ ఇంజనీరు అలాన్ బ్లమ్‌లైన్ స్టీరియో పద్ధతికి 1931లోనే పేటెంటుకు పెట్టాడు. అయినా స్టీరియో రికార్డులు దుకాణాలకెక్కేసరికి 1950ల చివరికొచ్చింది, మన సినిమా పాట దాకా రావడానికి ఇంకా ఆలస్యమైంది. అంటే కాక ఒక పెట్టె పనికి రెండు పెట్టెలు పెట్టాడన్నమాట. ఈ సంగతి మొహమ్మీద అన్నా ఆయన నొచ్చుకోడు. “గందుకే గద బిడ్డా, సరిగ్గ నడిమిట్ల కూసుంటే ఘంటసాల నా ఎదురుంగ నిలవడి పాడ్తడు. జర ఇటు జరిగితె అటు పోతడు” అంటాడు. అందులో అబద్ధం లేదు. రెండు పక్కలా ఒకే శబ్దం సమంగా వస్తే మన చెవికి అది మధ్యలోంచే వచ్చినట్టుంటుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ నడిమిట్ల కూర్చునే యోగం కాకకు ఎన్నడూ లేదు. పొద్దున చిన్నమ్మ పూజ. ఆ వెనకే కుక్కరు. మధ్యాహ్నం పెద్దకోడలు ట్యూషన్ పిల్లలు. సాయంత్రం మొదలుకొని రాత్రి అన్నాల దాకా సీరియళ్లు. కాక రోజంతా చేసేది ప్లగ్గు తుడవడం, వైర్లు బిగించడం, సూది మీద దుమ్ము ఊదడం. అంత సెట్టు పెట్టుకుని కూడా పాట మటుకు ఫోన్లోనే వినేవాడు, అదీ డాబా మీద.

దసరాకు ముందు సున్నాలేయిస్తూ, కూలీల చేతిలో పెట్టడానికి మనసొప్పక, కుడి పెట్టెను ఒక్కడే గోడ నుంచి జరిపాడు. గజ్జల్లో చిటుక్కుమంది. నాలుగు రోజులకు నిమ్మకాయంత బుడిపె తేలింది. “బరువేమైనా ఎత్తారా?” అన్నాడు డాక్టరు. “ఎత్తలే సార్, జర జరిపిన” అన్నాడు కాక. హెర్నియా అని తేల్చి, పొట్టగోడ సడలిన చోట జాలీ పెట్టి కుట్టారు. స్పీకరుకున్నట్టే తనకూ ముందర జాలీ పడిందని మత్తు పూర్తిగా దిగకముందే సంబరపడ్డాడట. డిశ్చార్జి చీటీలో ఆరు వారాలు బరువులెత్తొద్దని, దగ్గొస్తే పొట్టకు దిండు అదుముకోవాలని, మధ్యమధ్య లేచి నడవాలని, మిగతా టైమంతా విశ్రాంతి అని రాసి ఉంది. కాక ఆ చివరి మాట కింద గీత గీసి, గీసిన చీటీని యాంప్లిఫయరుకు పైన గోడకు అంటించాడు.

రెండు గదుల ఇంట్లో ఏడుగురు మసలే చోట మగాడు తనకంటూ ఓ గంట సంపాదించాలంటే కడుపు కోయించుకోవాల్సిందేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆడవాళ్లకు కోయించుకున్నా దక్కదు. చిన్నమ్మకు గర్భసంచి తీసినప్పుడు వారం తిరక్కముందే మంచమ్మీద కూర్చుని తొక్కులకు ఎల్లిగడ్డ ఒలిచింది. ఆమె కోసం ఎవరూ టీవీ కట్టేసిన గుర్తు లేదు.

దవాఖానకు పోయే ముందురోజే కాక టేపు పట్టుకుని గది కొలిచాడు. రెండు పెట్టెల మధ్య ఎంత దూరమో, ఒక్కో పెట్టె నుంచి దిండుకు అంతే దూరం ఉండాలి, మూడు మూలలూ సమానంగా రావాలి. మంచం అక్కడ వేయించాడు, అంటే తలుపు సగమే తెరుచుకుంటుంది. ఇంటికొచ్చి పడుకున్నాక ఇంకో లోపం బయటపడింది. ట్వీటర్లు కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు ఉన్నాయి, ఈయనేమో పడుకున్నాడు. సన్న శబ్దాలన్నీ నెత్తి మీద నుంచి పక్కింటికి పోతున్నాయి. పెట్టెల వెనక అంచు కింద ఇటుకలు పెట్టి, మొహాలు కిందికి వంచాలి. తను ఎత్తకూడదు, డాక్టరు చెప్పాడు కదా.

ఇక పరామర్శకు వచ్చినవాళ్ల అవస్థ మొదలైంది. బత్తాయిలు, హార్లిక్స్ సీసా, బ్రెడ్ ప్యాకెట్టు పట్టుకుని ఎవరొచ్చినా చెప్పులు విప్పీ విప్పకముందే, “మంచిగ వచ్చినవ్ అల్లుడూ, ఆ ఎడమది జర లేపు. ఇంకో బెత్తెడు లోపటికి తిప్పు. గట్ల కాదు, గోడకు మూరెడు దూరముండాలె.” లాల్‌దర్వాజా నుంచి వచ్చిన వియ్యంకుడు అరగంటలో హమాలీ అయ్యాడు. నడుం పట్టుకుని ఆయన లేచిపోతుంటే, “ఉషార్ బావా, నాకు గిట్లనే మొదలైంది” అని కాక మంచమ్మీంచి ధైర్యం చెప్పాడు. అల్లుడొకడు అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు తెచ్చి దిండు పక్కన పెట్టాడు. డబ్బా మీద వాట్లు చూసి కాక నవ్వబోయి కుట్లు గుంజి ఆపుకున్నాడు. పాత రోజుల్లో పీఎంపీఓ అని వెయ్యేసి వాట్లు అచ్చేసి అమ్మిన టేప్‌రికార్డర్ల కథ అప్పుడు ఎత్తుకుని, ఆర్‌ఎంఎస్ లెక్కన వాటి అసలు బలమెంతో వివరిస్తూ, ఆ అల్లుడికి రైలు తప్పేదాకా వదల్లేదు.

సీడీలు ఉన్నా ఈ ఆరు వారాలూ ఎల్పీలే పెడతానన్నాడు. ఎందుకంటే ఎల్పీలో ఒక పక్క ఇరవై నిమిషాల చిల్లరకు అయిపోతుంది, లేచి తిప్పాలి. “నడువుమన్నరు, నడుస్తున్న. బరువెత్తొద్దన్నరు, రికార్డు పావుకిలో గూడ ఉండది” అని డాక్టరుకే ఫోన్లో చెప్పాడు. బేసు ఎక్కువైనప్పుడు చిన్నమ్మ కుట్లకు భయపడేది. కాక కళ్లు మూసుకుని పొట్ట మీద చెయ్యి పెట్టి, “నలభై హెర్ట్జ్ దాక దిగుతున్నదే, కుట్ల కాడ తెలుస్తున్నది” అనేవాడు.

గొడవంతా ఓ శనివారం పొద్దున్నే జరిగింది. ఘంటసాల తన ఆఖరి రోజుల్లో పాడిన భగవద్గీత ఎల్పీ చాలా ఏళ్ల కింద కొని, సమయం కుదరక సరిగా వినలేదు. ఇంట్లో అందరూ గుడికి పోయారు. కాక రికార్డు పెట్టి, వాల్యూమ్ తిప్పి, దిండుకు ఒరిగాడు. తెలుగునాట ఆ గొంతులో గీత వీధిలోకి వినబడితే దానికి ఒకే అర్థముంది. ఎదురింటి కిరాణా ఆయన షట్టరు సగానికి దించాడు. పాలవాడు టోపీ తీశాడు. ఆపరేషన్ అయిన ఇల్లాయె, ఎవరికీ అనుమానం రాలేదు. గౌలిపురా దూరపు అక్క సందు మొదట్నుంచే శోకం మొదలెట్టి లోపలికొచ్చింది. కాక కళ్లు తెరవకుండానే, “గా ఎడమ దిక్కు కూసోకక్కా, నడిమిట్లకు రా” అన్నాడు. ఆమె అక్కడే కూలబడింది. ఆమెకు నీళ్లు తాగించడానికి ఎవరూ లేక కాకే లేచాడు.

అందరికన్నా చురుగ్గా వచ్చింది బోనాలకు పందిళ్లు వేసే టెంట్ హౌస్ ఆయన. గుమ్మంలో నిలబడి మెల్లగా, “ఎన్ని కుర్చీలు పంపాలె?” అన్నాడు. లోపల కాకను నిలువునా చూసి నాలుక కరుచుకున్నాడు గానీ, వెనక్కి పోలేదు. ఆయనవీ స్పీకర్లే కదా. చెవికి శబ్దం రెట్టింపు కావాలంటే కరెంటు పది రెట్లు కావాలని కాక, కాదు రెట్టింపు చాలని ఆయన, పీటముడి పడ్డారు. ఆ లెక్కలో కాకదే రైటు. పది డెసిబెళ్లు పెరిగితేనే చెవికి రెట్టింపయినట్టుంటుంది, దానికి పది రెట్ల వాట్లు కావాలి. ఆయన ఒప్పుకోకుండానే చాయ్ తాగి, తన రెండు హారన్ల కథలు చెప్పి, పదింటికి వెళ్లాడు. వాకిట్లో చేరిన జనం చావు లేదని తెలిసి కొంచెం చిన్నబోయి విడిపోయారు.

గోడ అవతలి ఖాన్ సాబ్ మాత్రం రాలేదు. గోడ మీంచే, “మరీజ్ కైసే హై?” అని అడిగి, “విఠల్‌రావు గజళ్లుంటే పెట్టు మియా, ఆవాజ్ జర బఢావ్” అన్నాడు. గల్లీలో తగ్గించమనకుండా పెంచమన్నది ఆయనొక్కడే. కాకకు కళ్లు చెమర్చాయి.

సాయంత్రానికి చిన్నమ్మ ఎదురుదాడికి దిగింది. మనవడి ఫోన్లోంచి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చదివించింది. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. దవాఖాన చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్దం. “నువ్వు పేషెంటువైతే ఇది దవాఖాన. దవాఖానల గింత లొల్లి ఏందయ్యా?” కాక దిండు పొట్టకదుముకుని, ఆలోచించి, “గట్లయితే నీ సీరియల్ గూడ బందు” అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ గొంతు లేని టీవీ చూశారు. ఏడిచే కోడలికి వెనక నుంచి ‘మల్లీశ్వరి’ పాటలు బాగానే కుదిరాయని చిన్నమ్మే ఒప్పుకుంది.

ఆరు వారాలు నిండాక చూపించుకోవడానికి ఇద్దరూ వెళ్లారు. డాక్టరు కుట్లు చూసి, దగ్గమని, అటూ ఇటూ నొక్కి, “కుడిపక్క బ్రహ్మాండం. ఎడమ పక్క కూడా కొంచెం మెత్తగా ఉంది. తొందరేం లేదు, ఎప్పటికో అప్పటికి అదీ చేయించుకోవాల్సి రావచ్చు” అన్నాడు. చిన్నమ్మ దేవుడికి దండం పెట్టుకుంది.

కాక చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు: “చలికాలంల పెట్టుకుందమా సార్? ఫ్యాన్ చప్పుడుండది.”